గుహ్య హెర్పిస్ – ఎచ్.ఐ.వి. : మానిన పుండు వెనుక తెరచి ఉండే వాకిలి

జననేంద్రియాల మీద లేచే ప్రతి పొక్కునూ "వేడి" అని పిలవడం మా గడివేముల ప్రాంతంలో చిరకాలపు వాడుక. నంద్యాల, ఆళ్లగడ్డ వైపున కూడా ఇదే మాట వినిపిస్తుంది. ఎండలో తిరిగినా వేడే, కారం ఎక్కువ తిన్నా వేడే, రాత్రి నిద్ర చాలకపోయినా వేడే. ఈ మాటలో ఒక సౌకర్యం ఉన్నది. రోగి సిగ్గుపడనక్కరలేదు, వైద్యుడు అడుగనక్కరలేదు. సబ్జా గింజలు నానబెట్టి త్రాగి, మజ్జిగ అన్నం తిని, వారం పది దినములలో పొక్కులు మాడిపోగానే ఇద్దరూ తృప్తి పడతారు. కాని గుంపులుగా లేచి, మండి, చితికి, మాని, కొంతకాలానికి తిరిగి అదే చోట లేచే పొక్కులు చాలావరకు వేడి వల్ల వచ్చేవి కావు. అవి హెర్పిస్ అనే వైరస్ వల్ల కలిగేవి. అవి మానిపోవడం సబ్జా గింజల మహిమ కాదు, ఆ వ్యాధి స్వభావమే అది. ఆ హెర్పిస్, శరీరంలో ఎచ్.ఐ.వి. ప్రవేశించడానికి వాకిలి తెరచి పెడుతుంది. ఈ రెండింటి సంబంధాన్ని ఈ మాసపు పాఠంగా వ్రాస్తున్నాను.

శాస్త్రములలో ఉన్నదెంత?

సుశ్రుతాచార్యులు నిదానస్థానం పన్నెండవ అధ్యాయంలో ఉపదంశమును వర్ణించినారు. వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్తజములని ఐదు విధాలుగా విభజించి, జననేంద్రియాలపై పుట్టే పుండ్లు, వాపు, మంట, స్రావములను గురించి చెప్పినారు. అదే గ్రంథంలో కుష్ఠనిదానం చివర, కొన్ని వ్యాధులు సంభోగం వల్ల, శరీరస్పర్శ వల్ల, ఉచ్ఛ్వాస నిశ్వాసముల వల్ల, కలసి భుజించుట వల్ల, ఒకరి వస్త్రములు మరొకరు ధరించుట వల్ల మనిషి నుండి మనిషికి సంక్రమిస్తాయని స్పష్టంగా ఉన్నది. అంటువ్యాధి అన్న భావన మనకు పరాయిది కాదని పాఠకులు గ్రహించవలెను.

అయితే ఉపదంశము అన్న ఒక్క పేరు క్రింద నేటి వైద్యులు వేరువేరుగా గుర్తించే అనేక వ్యాధులు కలసి ఉన్నాయి. నొప్పి లేకుండా గట్టిగా ఒకే పుండు లేచేది సవాయి, అనగా సిఫిలిస్. మెత్తని పుండుతో విపరీతంగా నొప్పి పెట్టి, గజ్జలలో అడ్డగర్రలు కట్టేది షాంక్రాయిడ్. చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి చితికేది హెర్పిస్. కంటితో చూచి వీటిని విడదీయడం అనుభవజ్ఞులకు సైతం అన్నివేళలా సాధ్యం కాదు. ఒకే రోగిలో రెండు కలసి ఉండవచ్చును కూడా.

పదహారవ శతాబ్దంలో భావమిశ్రుడు ఫిరంగ రోగమును గురించి వ్రాసినాడు. పాత గ్రంథాలలో లేని వ్యాధి దేశంలోకి వస్తే, దానిని పాత పేరులో బలవంతంగా ఇరికించక, క్రొత్త పేరు పెట్టి క్రొత్తగా వర్ణించిన ధీశాలి ఆయన. చరకాచార్యులు కూడా రోగానికి పేరు తెలియనంత మాత్రాన వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని సూత్రస్థానంలో అన్నారు. ఈ రెండూ నాకు ఎంతో ధైర్యాన్నిచ్చిన విషయాలు. ఎచ్.ఐ.వి.ని ఓజఃక్షయమనీ, రాజయక్ష్మ అనీ అంటూ పాత చికిత్సనే చేయబూనే కొందరు వైద్యమిత్రులతో నేను ఏకీభవించను. లక్షణాలు పోలవచ్చును. పోలిక కుదిరినంత మాత్రాన మందు కుదరదు.

హెర్పిస్ స్వభావము

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ రెండు రకములు. మొదటిది ఎక్కువగా పెదవుల మీద పొక్కులు లేపుతుంది. రెండవది ప్రధానంగా జననేంద్రియాలను ఆశ్రయిస్తుంది. మొదటి రకం కూడా అక్కడికి చేరగలదు. సంపర్కం జరిగిన కొద్ది దినములలో తొలిసారి పొక్కులు లేచినప్పుడు జ్వరం, ఒంటి నొప్పులు, గజ్జలలో బిళ్లలు, మూత్రం పోసేటప్పుడు మంట కలుగవచ్చును. రెండు మూడు వారములలో అంతా సద్దుమణుగుతుంది.

సద్దుమణిగినది గాని పోలేదు. వైరస్ నరముల వెంట ప్రాకి, వెన్ను దిగువన ఉండే నాడీగ్రంథులలో చేరి నిద్రిస్తుంది. జ్వరము, అలసట, ఋతుస్రావము, మానసిక వ్యథ వంటి సమయాలలో మేలుకొని, అదే నరము వెంట క్రిందికి వచ్చి పొక్కులు లేపుతుంది. బహుశా ఈ కారణం చేతనే మన పెద్దలు అలసటకూ వేడికీ ముడిపెట్టి ఉంటారు. వారు గమనించినది నిజమే, కారణమే వేరు.

మరొక విశేషం ఉన్నది. ఈ వైరస్ సోకినవారిలో అత్యధికులకు తమకు సోకినట్లే తెలియదు. పొక్కులు అసలు లేవకపోవచ్చును, లేచినా దురదగానో చిన్న చీలికగానో కనిపించి పోవచ్చును. అటువంటి వారి చర్మం నుండి కూడా అప్పుడప్పుడు వైరస్ వెలువడుతూనే ఉంటుంది. 2020 నాటికి ప్రపంచంలో 15 నుండి 49 ఏండ్ల వయస్సు వారిలో సుమారు 52 కోట్ల మందికి రెండవ రకం హెర్పిస్ ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన తెలుగు నేల సంగతి చూతాము. గుంటూరు జిల్లాలో పన్నెండు వేలకు పైగా సామాన్య స్త్రీపురుషుల రక్తమును పరీక్షించగా నూటికి ఇంచుమించు ఐదుగురిలో ఈ వైరస్ గుర్తులు కనబడినవని 2010లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆ పరీక్షకు తీసుకున్నవారు ఆసుపత్రికి వచ్చిన రోగులు కారు, ఊళ్లలోని సంసారులు. కనుక ఇది "చెడుతిరుగుళ్ల" వారి జబ్బు మాత్రమే అనుకొనుట పొరపాటు.

రెండు వైరస్ల పొత్తు

ఈ రెండు వ్యాధుల పొత్తు ఎచ్.ఐ.వి.కి పేరు పెట్టక మునుపే వైద్యుల కంటబడినది. 1981లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో కొందరు యువకులకు మలద్వారం చుట్టూ మానకుండా పెరిగిపోయే హెర్పిస్ పుండ్లు రావడం వైద్యులు గమనించి ప్రచురించినారు. అప్పటికి ఎయిడ్స్ వైరస్ కనుగొనబడలేదు. నేటికీ నెల దాటినా మానని హెర్పిస్ పుండును ఎయిడ్స్ దశకు చిహ్నములలో ఒకటిగా పరిగణిస్తారు. ఇది పొత్తులో ఒక పార్శ్వం: ఎచ్.ఐ.వి. రక్షణశక్తిని తినివేయగా, నిద్రిస్తున్న హెర్పిస్ విజృంభిస్తుంది.

రెండవ పార్శ్వమే మనకు ఎక్కువ అవసరం. హెర్పిస్ ముందుగా ఉన్నవారికి ఎచ్.ఐ.వి. సోకే అవకాశం లేనివారి కంటే సుమారు మూడు రెట్లు అధికమని అనేక దేశాల పరిశీలనలను కలిపి చూచినప్పుడు తేలినది. మన దేశంలో పుణె నగరపు సుఖవ్యాధుల చికిత్సాలయాలకు వచ్చినవారిని వెంబడించి పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం మరొక ముఖ్య విషయం చెప్పినది. హెర్పిస్ పాతబడినవారి కంటే, ఇటీవలే సోకినవారిలో ఎచ్.ఐ.వి. ముప్పు మరింత హెచ్చుగా ఉన్నదట. తొలి పొక్కులు లేచిన నెలలే అత్యంత ప్రమాదకరమైనవన్న మాట. 2016లో ప్రపంచమంతటా సంభోగం ద్వారా క్రొత్తగా ఎచ్.ఐ.వి. సోకిన సుమారు 14 లక్షల మందిలో 4 లక్షల 20 వేల కేసులకు హెర్పిస్ తోడ్పాటు ఉన్నదని ఒక అంచనా.

ఎందుకిట్లు జరుగుతుంది? పొక్కు చితికినప్పుడు చర్మపు పై పొర తొలగి దారి ఏర్పడుతుందన్నది సులభంగా అర్థమయ్యే కారణం. కాని అసలు సంగతి లోతుగా ఉన్నది. హెర్పిస్ వైరస్ను ఎదుర్కొనడానికి శరీరం ఆ చోటికి తన రక్షకభటులను పంపుతుంది. వానిలో సి.డి.4 అనే కణములు ముఖ్యమైనవి. ఎచ్.ఐ.వి. పట్టుకొని లోపలికి దూరేది సరిగా ఈ కణములనే. అనగా దొంగను పట్టుకొనుటకు వాకిట చేరిన కాపలావారినే మరొక దొంగ తన వాహనంగా చేసికొంటున్నాడు. ఇక ఇరు వ్యాధులూ ఒకే మనిషిలో ఉంటే, హెర్పిస్ లేచినప్పుడు రక్తంలో, పుండులో ఎచ్.ఐ.వి. పాలు పెరుగుతుంది. అప్పుడు భాగస్వామికి అంటే అవకాశమూ పెరుగుతుంది.

అసైక్లోవిర్ నేర్పిన పాఠము

పుండ్లను మాన్పితే ఎచ్.ఐ.వి. తగ్గదా అన్న ప్రశ్న సహజం. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో మ్వాంజా ప్రాంతపు గ్రామాలలో సుఖవ్యాధులకు సక్రమ చికిత్స అందించగా క్రొత్త ఎచ్.ఐ.వి. కేసులు దాదాపు నూటికి 40 వంతులు తగ్గినట్లు 1995లో వెల్లడైనది. దానితో హెర్పిస్ను అణచే అసైక్లోవిర్ మాత్రను ప్రతిదినము ఇచ్చి చూచినారు. 2008లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించినది. హెర్పిస్ ఉన్నవారు రోజుకు రెండుసార్లు 400 మిల్లీగ్రాముల వంతున మాత్ర వేసికొన్నా, ఎచ్.ఐ.వి. సోకడం తగ్గలేదు. తరువాత, దంపతులలో ఒకరికి మాత్రమే ఎచ్.ఐ.వి. ఉన్న మూడువేలకు పైగా జంటలలో, ఉన్నవారికి మాత్ర ఇచ్చి పరిశీలించినారు. 2010లో వెల్లడైన ఆ ఫలితం ప్రకారం పుండ్లు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గినవి, రక్తంలో ఎచ్.ఐ.వి. కొంత తగ్గినది, కాని భాగస్వామికి అంటడం తగ్గలేదు!

ఈ చిక్కుముడిని 2009లో అమెరికాలోని సియాటిల్ శాస్త్రవేత్తలు విప్పినారు. హెర్పిస్ పుండు మానిన చోట నుండి చర్మపు తునకలను వారాల తరబడి తీసి పరీక్షించగా, పైకి నున్నగా మానిపోయిన ఆ చర్మం క్రింద సి.డి.4 కణములు ప్రక్క చర్మంలో కంటే అనేక రెట్లు గుమికూడి ఉన్నవి. నెలలు గడచినా, అసైక్లోవిర్ వాడినా అవి చెదరిపోలేదు. అనగా పుండు మానినది గాని వాకిలి మూతపడలేదు.

నేను ఈ పాఠం వ్రాయడానికి ముఖ్యకారణం ఈ పరిశోధనే. వైరస్ను నేరుగా దెబ్బతీసే మాత్రయే ఆ వాకిలిని మూయలేనప్పుడు, మన వేపనీరు, త్రిఫలా కషాయం మూయగలవని చెప్పుట ఏ వైద్యునికీ తగదు. అవి మంటను తగ్గిస్తాయి, పుండును శుభ్రంగా ఉంచుతాయి. వాటి పని అంతవరకే.

మన ప్రాంతపు పరిస్థితి

2023 అంచనాల ప్రకారం వయోజనులలో ఎచ్.ఐ.వి. దేశపు సగటు నూటికి 0.20 కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. పూర్వం కంటే తగ్గిన మాట నిజమే అయినా దేశపు సగటు కంటే మనం మూడు రెట్లు పైన ఉన్నాము. కర్నూలు–కడప రహదారి మా ప్రాంతపు ప్రాణనాడి. సిమెంటు, నాపరాయి, వడ్లు, ప్రత్తి, అన్నీ లారీల మీదనే పోతాయి. నెలకు ఇరవై దినములు ఇల్లు విడిచి తిరిగేవారు, కూలి పనులకు దూరపు నగరాలకు వలస వెళ్లేవారు ఇక్కడ ఎందరో. వారు మాత్రమే దోషులని నా భావం కాదు. ఇంటి నుండి దూరమయ్యే బ్రదుకు ఎక్కడ ఉంటే అక్కడ ఈ వ్యాధులకు అవకాశం ఎక్కువ.

ఇటువంటి రోగులు నా వద్దకు వచ్చినప్పుడు జరిగే సంభాషణ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. "ఎండలో బండి తోలితి సామీ, వేడి పొక్కులు లేసినాయి. పోయిన తూరి పూత పూస్తే పోయినాయి గదా, అదే ఇయ్యండి" అంటారు. "రక్తపరీక్ష చేయించుకొన్నావా నాయనా?" అంటే ముఖం మాడుతుంది. "నాకెందుకు సామీ ఆ పరీచ్చ? నేనట్లాటోణ్ణి కాదు" అన్నది తరువాతి మాట. పరీక్ష అనగానే శీలపరీక్ష అనుకొనుట వల్ల వచ్చిన తంటా ఇది. మొదట భార్యను గురించి అడుగుతాను. "ఆమెకూ ఇట్లాగే అప్పుడప్పుడు మంట అంటాది" అని చెప్పినవారు ఉన్నారు. అప్పుడు గాని వారికి విషయపు బరువు తెలిసిరాదు. స్త్రీలలో పొక్కులు లోపలి భాగంలో లేచి కంటికి కనబడక, మూత్రపు మంటగానో తెల్లబట్టగానో పొరబడడం చాలా సాధారణం.

ఇక గోడల మీద సున్నపు అక్షరాలతో "సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం" అని వ్రాసుకొనేవారిని గురించి ఒక్కమాట. 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల నిషేధ చట్టం ప్రకారం సుఖవ్యాధులను నయం చేస్తామని ప్రకటించడమే నేరం. హెర్పిస్ దానంతట అదే మానేది గనుక అటువంటి వారికి ఇంతకంటే లాభసాటి వ్యాధి లేదు. ఏ పొడి ఇచ్చినా పది దినములకు "గుణం" కనిపిస్తుంది.

ఇంటిలో చేయదగినవి, చేయరానివి

త్రిఫలా చూర్ణము రెండు చెంచాలు అర లీటరు నీటిలో వేసి, సగము మిగులునట్లు కాచి, దళసరి గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా చల్లార్చి దినమునకు రెండుసార్లు పుండ్లను కడుగవలెను. ఉపదంశ వ్రణములను త్రిఫలా కషాయముతో గాని గుంటగలగర రసముతో గాని కడుగుట మన గ్రంథములు చెప్పిన పద్ధతియే. కషాయము ఏ పూటకాపూట కాచుకొనవలెను. కడిగిన తరువాత రుద్దక, మెత్తని శుభ్రమైన నూలుగుడ్డతో అద్ది ఆరనీయవలెను. మూత్రము మంటగా ఉన్నప్పుడు వెడల్పైన తొట్టెలో గోరువెచ్చని నీరు పోసి అందులో కూర్చుండి మూత్రము పోసిన బాధ తగ్గుతుంది. బార్లీ గంజి, మజ్జిగ, సుగంధిపాల పానకము సేవించవచ్చును. బిగుతైన నైలాను వస్త్రములు మానవలెను. పొక్కులను చిదుపరాదు. తాకిన చేతులను సబ్బుతో కడుగక కన్నులు నులుముకొనరాదు. ఈ వైరస్ కంటికి చేరితే చూపునకే ముప్పు.

మైలుతుత్తము, జిల్లేడుపాలు, సున్నము, నల్లజీడి, కిరోసిను వంటివి పూయుట మా గ్రామాలలో ఇంకను ఉన్నది. ఇది ఎంతమాత్రమూ తగదు. ఇవి చర్మమును కాల్చి, చిన్న పొక్కు స్థానంలో పెద్ద వ్రణమును చేస్తాయి. పైన చెప్పిన వాకిలిని గడ్డపారతో వెడల్పు చేసినట్లే. మానినట్లు కనిపించిన తరువాత కూడా వెంటనే సంపర్కము కూడదు. అటుపిమ్మట నిరోధ్ తప్పనిసరి. నిరోధ్ కప్పని చర్మభాగముల నుండి హెర్పిస్ అంటవచ్చును గనుక అది సంపూర్ణ రక్షణ కాదు. అయినా హెర్పిస్ నుండి గణనీయముగాను, ఎచ్.ఐ.వి. నుండి అంతకంటే ఎక్కువగాను కాపాడుతుంది.

పరీక్ష, చికిత్స

జిల్లా ఆసుపత్రులలో, పెద్ద ప్రభుత్వ వైద్యశాలలలో సుఖవ్యాధుల చికిత్సకు ఉద్దేశించిన విభాగములు ఉన్నవి. సురక్షా క్లినిక్ అన్న పేరు పాఠకులు చూచియే ఉంటారు. హెర్పిస్ పుండ్లకు ఇచ్చే ఎర్రరంగు కిట్‌లో అసైక్లోవిర్ మాత్రలు ఉంటాయి. 400 మిల్లీగ్రాముల వంతున రోజుకు మూడుసార్లు, ఏడు దినములు. సవాయి, షాంక్రాయిడ్ల మందుల కిట్లు వేరు రంగులవి. ఏది ఇవ్వవలెనో వైద్యుడే నిర్ణయించవలెను గాని మందుల దుకాణంలో రంగు చెప్పి కొనరాదు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ముందే తెలుపవలెను. గర్భవతి తనకు గాని భర్తకు గాని ఎప్పుడైనా ఇటువంటి పొక్కులు లేచి ఉంటే కాన్పు చేసే డాక్టరుకు దాచకుండా చెప్పవలెను. కాన్పు సమయంలో శిశువుకు హెర్పిస్ సోకితే ప్రాణాపాయం.

ఎచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన ఎచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితమును బయటపెట్టరాదు, ఉద్యోగంలో, చదువులో, చికిత్సలో వివక్ష చూపరాదు. సందేహములకు 1097 నంబరుకు ఫోను చేయవచ్చును. డబ్బు ఖర్చు కాదు.

ఎచ్.ఐ.వి. ఉన్నదని తేలితే భయపడవలసిన కాలం గతించినది. ఉచిత ఎ.ఆర్.టి. మందులు 2004 ఏప్రిల్ 1 నుండి దేశంలో లభిస్తున్నవి. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా ఉన్నదని తేలిన వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఎ.ఆర్.టి. కేంద్రం ఉన్నది. అసైక్లోవిర్ చేయలేని పనిని ఈ మందులు చేసినవి. దంపతులలో ఒకరికి ఎచ్.ఐ.వి. ఉన్నప్పుడు, వారు వెంటనే ఎ.ఆర్.టి. ప్రారంభిస్తే భాగస్వామికి అంటడం నూటికి 96 వంతులు తగ్గినదని 2011లో తేలినది. ఆ పరిశోధనలో చెన్నై, పుణె నగరముల జంటలు కూడా పాల్గొన్నవి.

మన పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. నేడు ఇచ్చే ఎ.ఆర్.టి. మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. సున్నపు ధాతువు, ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం గల పదార్థములు దానిని ప్రేగులలో బంధించి ఒంటికి పట్టకుండా చేస్తాయి. శంఖభస్మము, ప్రవాళభస్మము సున్నపు ధాతువు గలవి. లోహభస్మము, మండూరము ఇనుము గలవి. బలానికని వీటిని వాడుతున్నవారు ఎ.ఆర్.టి. డాక్టరుకు తప్పక చెప్పవలెను. ఆయన అంగీకరిస్తే, డోలుటెగ్రావిర్ వేసికొనిన రెండు గంటల తరువాత గాని, వేసికొనుటకు ఆరు గంటల ముందు గాని సేవించవలెను. ఏ లేహ్యము కొరకూ, ఏ పథ్యము కొరకూ ఎ.ఆర్.టి.ని ఒక్కపూట కూడా ఆపరాదు.

పరీక్ష చేయించుకొనేవారు భార్యాభర్తలు కలసి వెళ్లుట మేలు. సంపర్కం జరిగిన తొలి వారములలో రక్తంలో ఎచ్.ఐ.వి. గుర్తులు కనబడకపోవచ్చును. అందుచేత పొక్కులు లేచినప్పుడు ఒకసారి, అప్పుడు లేదని తేలినా మూడు మాసముల తరువాత మరొకసారి చేయించుకొనవలెను. ఆ మూడు మాసములూ నిరోధ్ లేకుండా కలియరాదు.